జీతం పడినా పదో తేదీకల్లా ఖాతా ఖాళీ. చిల్లర కొనుగోళ్ళు ఆపగలిగినవాళ్ళు ఎలా ఆపారో చెప్పండి

మియాపూర్ నుంచి | జూన్ 14, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. ఇంట్లోవాళ్ళతో చెప్తే గొడవవుతుందని ఇక్కడ రాస్తున్నాను. నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగాలే, ఇద్దరివీ కలిపి చేతికి 84,000 వస్తుంది. అద్దె 18,500, పాప యూకేజీ. కారు లేదు, హోమ్ లోన్ లేదు. అయినా ప్రతి నెలా పదో తేదీ దాటేసరికి క్రెడిట్ కార్డు బయటికి తీయాల్సి వస్తోంది. ఇప్పుడు దాని మీద 38,000 బాకీ ఉంది, మూడు నెలలుగా మినిమం డ్యూ, అంటే బిల్లులో కట్టి తీరాల్సిన కనీస మొత్తం మాత్రమే కడుతున్నాను.

ఇవాళ రెండో శనివారం సెలవు కదా, మూడు నెలల స్టేట్‌మెంట్ ప్రింట్ తీయించి పాప స్కెచ్ పెన్నులతో గీతలు గీశాను. తప్పనిసరి ఖర్చుకి పచ్చ, అది లేకపోయినా రోజు గడిచేదే అనిపించినదానికి ఎరుపు. ఎరుపు మొత్తం కూడితే 47,860. అందులో 2,500 దాటినది ఒక్కటి కూడా లేదు. 149, 299, 86, 418, మళ్ళీ 299. తర్వాత ఫోన్‌లో యూపీఐ హిస్టరీ తీసి టైం చూశాను. సగానికి పైగా రాత్రి పదిన్నరకీ పన్నెండుకీ మధ్య జరిగినవే. పాపని పడుకోబెట్టి, గిన్నెలు కడిగి, మంచం మీద వాలి ఫోన్ పట్టుకునే టైం అది. రోజు మొత్తంలో నాకంటూ దొరికేది ఆ గంటే. అటక మీద చూస్తే ఇడ్లీ కుక్కర్ ఉండగానే కొన్న ఇంకో ఇడ్లీ కుక్కర్, సీలు కూడా తీయని మసాలా డబ్బాల సెట్టు, పాపకి పొట్టి అయిపోయిన రెయిన్‌కోటు ట్యాగుతో సహా ఉన్నాయి.

బడ్జెట్ రాయడం రాక కాదండీ, నేను పనిచేసేది అకౌంట్స్‌లోనే. నాలుగుసార్లు ఎక్సెల్‌లో రాశాను, నాలుగుసార్లూ రెండో నెలలోనే వదిలేశాను. నిజంగా ఒక ఏడాదైనా పాటించినవాళ్ళు చెప్పండి. "అవసరమైతేనే కొనండి" అన్న మాట మాత్రం వద్దు, అది నాకు నేను రోజూ చెప్పుకుంటూనే ఉన్నాను.

బెజవాడ ఇల్లాలు | జూన్ 15, ఉదయం 7:10

అమ్మా, మీ అటక గురించి చదువుతుంటే నాలుగేళ్ళ క్రితం మా అటక గుర్తొచ్చింది. నేను చేసిన పని ఒకటే, చాలా చిన్నది. ఏదైనా కొనాలనిపిస్తే గోడ మీద క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో పెన్సిల్‌తో దాని పేరు, ధర రాస్తాను. పదిరోజులు ఆగాలి. పదో రోజు ఆ గడి దగ్గరికి వెళ్ళి చూసినప్పుడు ఇంకా కావాలనిపిస్తే కొంటాను. మే నెల గడుల్లో పదకొండు రాశాను, అందులో కొన్నవి రెండే, మిక్సీ జారు, మా మావగారికి చెప్పులు. మిగతా తొమ్మిదిలో మూడు ఎందుకు రాశానో కూడా గుర్తు రాలేదు. యాప్‌లో విష్‌లిస్ట్ పెట్టుకోవద్దు, అందులో పెడితే "ధర తగ్గింది" అని వాళ్ళే రోజూ గుర్తుచేస్తారు. గోడ మీద రాస్తే గోడ ఊరుకుంటుంది.

ఇంకో పది రోజుల్లో ఆషాఢం వస్తోంది, జాగ్రత్త. పెళ్ళిళ్ళు లేని నెల కాబట్టి బట్టల కొట్లకి అమ్మకాలు పడిపోతాయని పెట్టే డిస్కౌంట్లు అవి. శ్రావణంలో ఎలాగూ చీర కొంటాను అనుకుంటే ఇప్పుడే ఒకటి కొనుక్కోండి, మంచిదే. కానీ బీసెంట్ రోడ్డులో నేను చూసేది వేరు, ఒకటి కొందామని వచ్చినవాళ్ళు నాలుగు పట్టుకెళ్తారు.

పద్దు పుస్తకం | జూన్ 15, ఉదయం 9:35

నేను 34 ఏళ్ళు బ్యాంకులో చేసి రిటైరయ్యాను. అమ్మా, అటక సంగతి తర్వాత, ముందు ఆ 38,000 సంగతి చూడండి. క్రెడిట్ కార్డు వడ్డీ మామూలుగా నెలకి మూడు నుంచి మూడుముప్పావు శాతం దాకా ఉంటుంది. మూడున్నర అనుకుందాం. 38,000 మీద నెలకి 1,330, దానిమీద 18 శాతం జీఎస్టీ ఇంకో 239, వెరసి 1,569. మీరు కట్టే మినిమం డ్యూ ఐదు శాతం అయితే 1,900. అంటే అసలులో తరిగేది 331 రూపాయలు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బాకీ పూర్తిగా కట్టకపోతే కొత్తగా గీకినవాటికి కూడా వడ్డీలేని గడువు పోతుంది, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. మీరు 299 పెట్టి కొన్నది 299 కాదు.

మీ దగ్గర ఎక్కడైనా ఆర్డీ (నెలనెలా వేసే డిపాజిట్), ఎఫ్‌డీ లాంటివి ఉన్నాయా? మొహమాటపడకుండా చెప్పండి.

ఓరుగల్లు | జూన్ 15, మధ్యాహ్నం 1:20

అక్కా, నేను హన్మకొండలో ఉంటాను, ఎలక్ట్రికల్ కాంట్రాక్ట్ పని. నాకు జీతం లేదు, పైసలు ఒక నెల మస్తు వస్తాయి, ఒక నెల ఏమీ రావు. "ఉన్ననాడు ఉగాది, లేనినాడు శివరాత్రి" అంటారు కదా, పెళ్ళయిన కొత్తలో మా ఇల్లు అట్లనే నడిచింది. తర్వాత రెండు ఖాతాలు చేసిన. వచ్చిన డబ్బంతా ఒకదాంట్లో, దానికి యూపీఐ లేదు, డెబిట్ కార్డు ఇంట్లో బీరువాలో ఉంటుంది. ప్రతి సోమవారం పొద్దున బ్యాంకుకు పోయి వారానికి సరిపడా రెండో ఖాతాలో వేస్తా, ఫోన్‌పే గాని గూగుల్ పే గాని దానికొక్కదానికే లింకు. చాయ్, పెట్రోల్, కూరగాయలు, బిర్యానీ అన్నీ అందులోంచే. అయిపోతే అయిపోయినట్టే. నెల బడ్జెట్ నాకు ఎన్నడూ కుదరలేదు, ఎందుకంటే ఐదో తేదీన 20,000 కనిపిస్తే చాలా ఉన్నట్టే అనిపిస్తుంది. వారం అయితే చేతికి అందుతుంది, ఎంత మిగిలిందో బుర్రలోనే ఉంటుంది.

దాచుకోవడానికి నెలకు 5,000 చిట్టీ కడుతున్నా. కట్టకపోతే నలుగురిలో మాట పడాలి కాబట్టి తప్పకుండా కడతా.

గుంటూరు కుర్రాడు | జూన్ 15, మధ్యాహ్నం 2:05

ఓరుగల్లు అన్నా, రెండు ఖాతాల ఐడియా బాగుంది. నేను ఖాతా తెరవకుండా యూపీఐ లైట్ వాడుతున్నాను, యూపీఐ యాప్‌లోనే ఉండే చిన్న పర్సు లాంటిది. అందులో ఎక్కువలో ఎక్కువ 5,000 పెట్టుకోవచ్చు, నేను వారానికి 1,000 వేసుకుంటాను, టీ టిఫిన్ అన్నీ అందులోంచే.

విశాఖ టీచర్ | జూన్ 15, సాయంత్రం 6:48

గుంటూరు తమ్ముడూ, నేను ఒప్పుకోను. లైట్‌లో 1,000 వరకు పిన్ అడగదు. మియాపూర్ గారి సమస్యే వేలు తాకగానే డబ్బు పోవడం, ఉన్న ఒక్క అడ్డం కూడా తీసేస్తే ఎలా? మనకి కావాల్సింది ఇంకో రెండు అడ్డాలు. కార్డుల్లో ఆన్‌లైన్ లావాదేవీలు, విదేశీ లావాదేవీలు మనమే ఆపుకునే, లిమిట్ పెట్టుకునే సదుపాయం ఉండి తీరాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది, 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. నేను బ్యాంకు యాప్‌లో నా కార్డుకి ఆన్‌లైన్ ఆఫ్ చేసి పెట్టాను. ఏదైనా కొనాలంటే బ్యాంకు యాప్ తెరిచి, ఆన్ చేసి, మళ్ళీ షాపింగ్ యాప్‌కి రావాలి. ఆ రెండు నిమిషాల్లో సగంసార్లు వద్దులే అనిపిస్తుంది.

ఇంకో విషయం, ఆ యాప్‌లలో "ఇంకా 2 మాత్రమే మిగిలాయి", "ఆఫర్ 9 నిమిషాల్లో ముగుస్తుంది" అని పరిగెత్తే గడియారం నిజమని నమ్మకండి. నేను ఒక కుర్తీ దగ్గర ఆ గడియారం సున్నా అయ్యేదాకా చూస్తూ కూర్చున్నాను. సున్నా అయ్యాక మళ్ళీ పదిహేను నిమిషాలతో మొదలైంది, ధర అదే. ఇలాంటివాటిని డార్క్ ప్యాటర్న్స్ అంటారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న 13 రకాలను గుర్తించి నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది, లేని తొందర పెట్టడం, మనకి తెలియకుండా బుట్టలో ఇంకో వస్తువు చేర్చడం, చందా ఆపుకోనివ్వకపోవడం అన్నీ అందులో ఉన్నాయి. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. నేను ఇది ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నానంటే, మనకి మనసు మీద అదుపు లేదని ఆడవాళ్ళం మనల్ని మనమే తిట్టుకుంటూ ఉంటాం. రాత్రి పదకొండు గంటలకి అలసిపోయి ఉన్న మనిషి ఒకవైపు, ఆ మనిషి ఎప్పుడు మెత్తబడుతుందో లెక్కగట్టి బొమ్మలు పేర్చేవాళ్ళు ఇంకోవైపు.

మియాపూర్ నుంచి | జూన్ 15, రాత్రి 9:30

టీచర్ గారూ, మీ చివరి మాట చదివి కళ్ళు తడిశాయి. థాంక్యూ అండీ.

పద్దు పుస్తకం మాస్టారూ, ఆర్డీ ఉంది. నెలకి 2,000 చొప్పున, ఇప్పటికి 41,000 అయింది. అది పాప కోసం అనుకుని మొదలుపెట్టింది, అందుకే దాని జోలికి పోవట్లేదు. అదీ తీసేస్తే ఇక ఏమీ దాచుకోనిదాన్ని అయిపోతానని టెన్షన్.

పద్దు పుస్తకం | జూన్ 15, రాత్రి 10:15

అదే తీయమంటున్నాను తల్లీ. ఏడు శాతం అనుకున్నా 41,000 మీద ఏడాదికి మీకొచ్చే వడ్డీ 2,870. కార్డువాడు రెండు నెలల్లో తీసుకునేది 3,138. పాప డబ్బు కదలకుండా ఉందని మీరు అనుకుంటున్నారు గానీ, అది రోజూ కార్డు కిందికి జారిపోతూనే ఉంది. ముందే మూసినందుకు వడ్డీ కొంచెం తగ్గిస్తారు, తగ్గించనివ్వండి. కార్డు కట్టేసి, అదే 2,000తో వచ్చే నెల కొత్త ఆర్డీ మొదలుపెట్టండి. పోస్టాఫీసులో నెలకి 100తో కూడా తెరవొచ్చు, ఐదేళ్ళది.

ఓరుగల్లు బాబూ, చిట్టీ తప్పని నేను అనను, క్రమశిక్షణ వస్తుంది. కానీ అది 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైందా లేదా చూసుకో. మా వీధిలో ఎంతో నమ్మకస్తురాలని అందరూ కట్టిన చిట్టీ మధ్యలో ఆగిపోయింది, మా ఇంట్లోదే 60,000 పోయింది. చేతిలో కాగితం ముక్క లేదు, ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియలేదు.

ఇక మీ ఎక్సెల్ నాలుగుసార్లూ ఎందుకు ఆగిపోయిందో నా ఊహ చెప్తాను. మీరు నెలలో వచ్చే ఖర్చులే రాసి ఉంటారు. ఏడాదికోసారి వచ్చేవి రాసి ఉండరు. స్కూలు ఫీజు, పాలసీ ప్రీమియం, సంక్రాంతికి ఊరు, దసరా బట్టలు, పెళ్ళిళ్ళలో చదివింపులు. ఇవి అనుకోని ఖర్చులు కావమ్మా, జూన్‌లో బడి తెరుస్తారనీ జనవరిలో సంక్రాంతి వస్తుందనీ అందరికీ తెలుసు. అవి వచ్చిన నెల బడ్జెట్ చెడిపోతుంది, చెడింది కదా అని మనసు వదిలేస్తుంది, ఆ రాత్రే 299లు మొదలవుతాయి. మీ పెళ్ళిలో చదివింపులు రాసిన నోటుబుక్ ఉంటే తీయండి. ఎవరింట్లో పెళ్ళీడు పిల్లలున్నారో, వాళ్ళు మీకెంత పెట్టారో చూస్తే వచ్చే ఏడాదిది కూడా తేలిపోతుంది. అన్నీ కూడి పన్నెండుతో భాగించండి. జీతం పడిన రోజే ఆ డబ్బు వేరే ఖాతాలోకి పోవాలి.

మా నాన్నగారు ఉగాదినాడు పంచాంగంలో ఆదాయ వ్యయాలు విన్నాక, అదే రోజు సాయంత్రం అరుగు మీద కూర్చుని కొత్త చిట్టా తెరిచి, వచ్చే ఏడాది ఖర్చులు నెలలవారీగా రాసేవారు. నేను బ్యాంకులో నేర్చుకున్నదానికన్నా ఆ చిట్టా చూసి నేర్చుకున్నదే ఎక్కువ.

జగిత్యాల - దుబాయ్ | జూన్ 16, ఉదయం 5:40

మాస్టారు చెప్పినది మా గల్ఫ్‌వాళ్ళకి సరిగ్గా వర్తిస్తుంది. పన్నెండేళ్ళ నుంచి ఇక్కడ ఉన్నాను. నెలనెలా ఇంటికి పంపేది తప్పదు, ఇక్కడ తిండికి రూముకి కూడా లెక్క ఉంటుంది. కానీ రెండేళ్ళకోసారి ఊరికి పోయేటప్పుడు పెట్టె నింపడంలో మొత్తం కొట్టుకుపోతుంది. సెంట్లు, చాక్లెట్లు, దుప్పట్లు, బావలకి వాచీలు, "మా పిలగానికి ఫోన్ తేవా" అని ఊర్లో నుంచి మెసేజీలు. ఆఖరి వారం రోజూ డ్యూటీ అయినాక మార్కెట్‌కి పోవడమే. 2019లో నేను పెట్టె మీద 3,800 దిర్హాంలు పెట్టిన. ఇంటికి పోయినాక పదిహేను రోజులకి నాన్న ఆపరేషన్ పడితే మిత్తికి తెచ్చినం.

ఇప్పుడు పోవడానికి ఏడాది ముందు నుంచే నెలకి 100 దిర్హాంలు ఒక కవరులో వేస్తున్నా. 1,200 అయితది. పెట్టెకి అంతే. ఎవరికేమి తేవాలో కాగితం మీద రాసుకుని దాని ప్రకారమే కొంటా. మొదటిసారి ఒకరిద్దరు మాటలన్నారు, బాధనిపించింది. అమ్మ మాత్రం "నువ్వు ఖాళీ చేతులతో వచ్చినా నువ్వు వచ్చినవు చాలు" అన్నది.

కర్నూలు | జూన్ 16, రాత్రి 8:22

అందరూ ఆపడం గురించే చెప్తున్నారు. నేను వేరే వైపు నుంచి మాట్లాడతాను. మా ఆవిడా నేనూ మూడేళ్ళ క్రితం అన్నీ కత్తిరించేశాం, బయట తిండి బంద్, సినిమా బంద్. రెండు నెలలు పోయాక ఒక ఆదివారం ఒక్కరోజులో 7,000 ఖర్చుపెట్టేశాం. ఆకలితో ఉన్నవాడు పెళ్ళిభోజనానికి వెళ్ళినట్టు అయింది మా పని. ఇప్పుడు ఇద్దరికీ చెరో 1,500 విడిగా ఉంటుంది. నేను దాంతో ఏం చేశానో ఆమె అడగదు, ఆమెని నేను అడగను. ఈ అడక్కపోవడమే ముఖ్యం. మియాపూర్ గారూ, ఇంట్లో చెప్తే గొడవవుతుందన్నారు. ఒక్కరే మోస్తే ఇది నిలబడదు. ఎరుపు గీతల కాగితం మీ ఆయనకి చూపించండి, ఆయన స్టేట్‌మెంట్ కూడా ఆయన్నే గీసుకోమనండి. ఎవరిది వాళ్ళు గీసుకుంటేనే. ఒకరిది ఒకరు గీస్తే ఆ రాత్రి ఇంట్లో అన్నం ఉడకదు.

50-30-20 అని, అంటే జీతంలో 50 శాతం అవసరాలకి, 30 సరదాలకి, 20 పొదుపుకి అని ఇంటర్నెట్‌లో తిరిగే సూత్రం గురించి ఎవరైనా చెప్తే బెంగపడకండి. హైదరాబాద్‌లో అద్దె, స్కూలు ఫీజు కట్టేవాళ్ళకి ఆ 50లో సర్దడం చాలా కష్టం.

గుంటూరు కుర్రాడు | జూన్ 17, ఉదయం 10:12

టీచర్ గారు చెప్పాక లైట్ తీసేశాను. ఆటోపే (దానంతటదే డబ్బు కట్ అయ్యేవి) లిస్టు కూడా చూశాను, యూపీఐ యాప్‌లోనే ఉంటుంది. ఎప్పుడో ఫ్రీ ట్రయల్ అని నొక్కినవి మూడు ఇంకా నడుస్తున్నాయి, నెలకి 547. డబ్బు కట్ అవడానికి 24 గంటల ముందు మెసేజ్ పంపాలనే రూలు ఉంది, పంపుతూనే ఉన్నారు, నేనే ప్రమోషన్ మెసేజ్ అనుకుని చూడకుండా తీసేస్తున్నాను.

నో కాస్ట్ ఈఎంఐ గురించి కూడా అడగాలి. నాలుగు నడుస్తున్నాయి నాకు. వడ్డీ లేదు కదా, అవి పర్లేదా?

పద్దు పుస్తకం | జూన్ 17, ఉదయం 11:40

బాబూ, సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని 2013లోనే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. ఆ వడ్డీని ధరలో తగ్గించినట్టు చూపించి, ఈఎంఐలో మళ్ళీ వేస్తారు. వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు నీవే. ఆ రెండు మూడు వందలు పోతే పోయాయి, అసలు నష్టం అది కాదు. నాలుగూ కలిపి నెలకెంత?

గుంటూరు కుర్రాడు | జూన్ 17, ఉదయం 11:52

7,100 సార్. నా జీతం 29,000.

పద్దు పుస్తకం | జూన్ 17, మధ్యాహ్నం 12:05

అయితే ప్రతి నెలా ఒకటో తేదీకే నీ జీతంలో నాలుగో వంతు ఎప్పుడో కొన్న వస్తువులకి పోతోంది. ముందుగా ఏది అయిపోతుందో చూసుకో, అది అయ్యేదాకా ఐదోది పెట్టకు. అయిపోయాక ఆ వాయిదా మొత్తాన్ని అలాగే ఆర్డీలో వేస్తూ పో, చేయి అలవాటు పడి ఉంటుంది కాబట్టి బరువనిపించదు.

మియాపూర్ నుంచి | ఆగస్టు 10, మధ్యాహ్నం 3:15

రెండు నెలలైంది, వచ్చి చెప్తానని మనసులో అనుకున్నాను. ఆర్డీ మూసి కార్డు మొత్తం కట్టేశాను. బ్యాంకులో ఆ ఫారం మీద సంతకం పెట్టేటప్పుడు చేయి వణికింది, నిజం. జూలైలో కొత్త ఆర్డీ తెరిచాను.

ఏడాది ఖర్చులు కూర్చుని రాశాం, ఇద్దరం. ఫీజు 54,000, ప్రీమియం 18,400, సంక్రాంతికి ఊరు 15,000, దసరా 12,000, చదివింపులు 14,000. మొత్తం 1,13,400, నెలకి 9,450. ఆ అంకె చూసి మా ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నెలనెలా మా చేతిలో ఉందనుకున్న తొమ్మిది వేలు అసలు మాది కాదు. ఆయన స్టేట్‌మెంట్ ఆయనే గీసుకున్నారు. ఆఫీసు దగ్గర టిఫిన్లు, సాయంత్రం టీలు, రాత్రి బిర్యానీ ఆర్డర్లు, ఆయన ఎరుపుకీ నా ఎరుపుకీ పెద్ద తేడా లేదు. గొడవ అవుతుందని భయపడ్డాను, కాలేదు.

ఇప్పుడు సోమవారం సోమవారం 4,500 రెండో ఖాతాలోకి వేస్తున్నాం. చెరో 1,500 విడిగా. ఫోన్ రాత్రి పదికి హాల్లో ఛార్జింగ్ పెట్టేస్తున్నాను. మొదటి వారం నిద్ర పట్టలేదు, ఆ గంట ఏం చేయాలో తెలియక మంచం మీద అటూ ఇటూ దొర్లాను. ఇప్పుడు మా అక్కకి ఫోన్ చేస్తున్నాను, ల్యాండ్‌లైన్ రోజుల్లో లాగా హాల్లో నిలబడి.

జూలైలో ఎరుపు 6,340. అందులో 3,200 ఒక్క చీరే. వరలక్ష్మీ వ్రతానికి కట్టుకుందామని జూలై 30 రాత్రి కొన్నాను, పదిరోజులు ఆగలేదు, క్యాలెండర్ మీద రాయలేదు. ఇంతకుముందైతే ఇక ఈ నెల పోయింది అని వదిలేసేదాన్ని. ఈసారి నా 1,500లోంచి రెండు నెలలు కట్ చేసుకుంటున్నాను. చీర కట్టుకున్నాను, బాగుంది.

బెజవాడ ఇల్లాలు | ఆగస్టు 10, సాయంత్రం 5:02

ఫోన్ హాల్లో పెట్టడం నాకు తట్టలేదమ్మా, ఇవాళ్టి నుంచి నేనూ పెడతాను.

కరీంనగర్ కొత్త | ఆగస్టు 10, రాత్రి 8:44

అక్కా, మొత్తం చదివిన. ఒక్క డౌట్. వారం పైసలు శుక్రవారానికే అయిపోతే ఏం చేస్తున్నరు?

మియాపూర్ నుంచి | ఆగస్టు 10, రాత్రి 9:20

రెండుసార్లు అలా అయింది. మొదటిసారి చుట్టాలొచ్చి గురువారానికే ఖాళీ అయింది. శని, ఆదివారాలు ఇంట్లో ఉన్న కందిపప్పు, గుడ్లు, చింతకాయ పచ్చడితో నడిపాం. రెండోసారి పాపకి జ్వరం, డాక్టరు ఫీజు, టెస్టులు, మందులు కలిపి 2,900 అయింది. అది ఏడాది ఖాతాలోంచి తీసి, ఎందుకు తీశానో తేదీ వేసి రాశాను. రాస్తుంటే అర్థమైంది, ఏడాది లిస్టులో ఆసుపత్రి ఖర్చు అసలు పెట్టనేలేదు మేము. ఈ నెల నుంచి దానికి 800 కలిపాం. 9,450 ఇప్పుడు 10,250.